గోల్కొండ సముద్రం బందరులో ఉంది

ఇబ్రహీంపట్నం నుంచి బందరుకు రోడ్డు దారిన 300 కిలోమీటర్ల పైమాటే. ఇక్కడ చెలకలు, గుట్టలు, బండరాళ్లు. వాన కురిస్తే చెరువు నిండుతుంది, లేకుంటే ఎండుతుంది. అక్కడ నల్లటి బురద నేల, ఉప్పుటేళ్లు, పర్ర భూములు, మడ అడవులు. ఈ రెండు ఊళ్లనూ ఒకే కథలో కలిపి చెబితే ఇప్పటి మ్యాపు చూసేవాళ్లకు వింతగా తోస్తుంది. నాలుగు వందల ఏళ్ల కింద ఇక్కడివాళ్లకు అందులో వింతేమీ లేదు. ఇక్కడి రాజ్యానికి సముద్రమంటే బందరే.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిది. ఆయన 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు. గద్దె ఎక్కకముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు, తెలుగు అక్కడే ఒంటబట్టింది. మన కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. హుస్సేన్‌సాగర్ కూడా ఆయన హయాంలో తవ్విందే. అందుకే ఆయన మనకు చెరువుల రాజుగా గుర్తుండిపోయాడు. చెరువు కింద పండిన పంటే ఆ రాజ్యానికి పునాది, సందేహం లేదు. అయితే గోల్కొండ పేరు ఇరాన్ దాకా, యూరప్ దాకా పాకింది వరి వల్ల కాదు. వజ్రాలు, అద్దకం బట్టలు, ఉక్కు, నీలిమందు పడవలెక్కినందువల్ల. ఆ పడవలు నిలిచిన చోటు మచిలీపట్నం, అదే మన బందరు. ఇబ్రహీం పాలన చివరి ఏళ్ల నుంచే ఆ రేవు పెద్ద రేవుగా ఎదుగుతూ వచ్చింది.

లోపలి రాజధానికి దూరపు రేవు ఉండటం గోల్కొండతో మొదలైన పద్ధతి కాదు. ఓరుగల్లు కాకతీయులకు మోటుపల్లి ఉండేది. అక్కడ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఇప్పటికీ చదువుకోవచ్చు. గాలివానకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరకంతా అంతకుముందు రాజులు లాక్కునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, ముప్పయ్యో వంతు సుంకం తప్ప వర్తకుల సొత్తు జోలికి పోనని మాట ఇచ్చాడు. ఓరుగల్లు కోటలో కూర్చుని, కనిపించని సముద్రం మీద మునిగే ఓడ గురించి ఆలోచించిన రాజు ఆయన. మన చరిత్ర పుస్తకాల్లో యుద్ధాలకు దొరికినంత చోటు ఈ శాసనానికి దొరకకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

బందరు తీరం ఇంకా పాతది. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం పెరిప్లస్ ఈ ప్రాంతాన్ని మసాలియా అంది, ఇక్కడ సన్నని నూలు బట్ట విస్తారంగా నేస్తారని రాసింది. రెండో శతాబ్దంలో టాలమీ కూడా ఈ తీరాన్ని తన భూగోళంలో చేర్చాడు. ఆయన చెప్పిన కంటకోస్సిల ఇప్పటి ఘంటసాల. బందరుకు దగ్గర్లోనే ఉన్న బౌద్ధ స్థలం అది.

ఇంత చరిత్ర ఉన్న రేవు, నిజానికి ఓడలకు అంత అనువైన చోటు కాదు. కృష్ణానది తెచ్చిన ఒండ్రు వేల ఏళ్లుగా పేరుకుని ఏర్పడిన తీరమిది. పులిగడ్డ దగ్గర నది చీలి దివిసీమను చుట్టుకుని సముద్రంలో కలుస్తుంది, ఏటా మట్టిని తీరం వెంబడి పరుస్తుంది. మంగినపూడి బీచికి వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ కాలి కింద తగిలేది ఎక్కువగా నల్లమట్టే. చాలా దూరం నడిచినా నీళ్లు మోకాలు దాటవు. పెద్ద ఓడ ఒడ్డు దాకా రాలేదు, మైళ్ల దూరంలో లంగరు వేసుకోవాలి. సరకును చిన్న పడవల్లోకి దించి, పాయల గుండా గిలకలదిండి వైపు తేవాలి. ఈ తీరంలో అలల మీద తిరిగేందుకు మేకులు కొట్టకుండా పలకలను కొబ్బరి పీచుతో కుట్టిన మసూలా పడవలు వాడేవారు. మేకులు దిగేసిన పడవ అలల దెబ్బకు పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి లేస్తుంది. పైగా అక్టోబరు నుంచి తుపాన్ల కాలం. అప్పుడు ఈ తీరాన ఓడ నిలవడమే ప్రమాదం.

మరి ఇలాంటి చోటికి ప్రపంచం ఎందుకు వచ్చింది? జవాబు తీరంలో లేదు, వెనుక ఉన్న నేలలో ఉంది. బందరు వెనుక గోల్కొండ ఉంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గనులున్నాయి. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కాచిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. ఖమ్మం దగ్గరి నాగులవంచలో డచ్చివారు ఏకంగా ఒక వర్తకశాలే పెట్టుకున్నారు. అంటే బందరు రేవు తెలంగాణ పల్లెల దాకా చేతులు చాచింది. ఆ రేవును రేవుగా నిలబెట్టింది దాని వెనుక దారే.

ఆ దారి ఎలా ఉండేదో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే రాసిపెట్టాడు. 1652లో బందరులో దిగి గోల్కొండకు వచ్చాడు. రెంటి మధ్య దూరం నూరు కోసులన్నాడు. గుట్టలు, చెరువులు, ఏళ్లు అడ్డం పడటం వల్ల ఆ దారిలో బళ్లు నడవవని, సరకంతా పెరిక ఎడ్ల మీదా గుర్రాల మీదా పోవాల్సిందేనని చెప్పాడు. ఆ చెరువులను తావెర్నియే అడ్డంకిగానే చూశాడు. మనకు తిండి పెట్టినవీ అవే. ఒకే నేలను ప్రయాణికుడు ఒకలా, రైతు ఒకలా చూస్తారు. బందరు గురించి మాత్రం మెచ్చుకున్నాడు. ఇళ్లు కొయ్యతో కట్టినవేనని, కానీ బంగాళాఖాతంలో అంత మంచి లంగరు మరెక్కడా లేదని, పెగూ, సయాం, అరకాన్, మక్కా, హోర్ముజ్, సుమత్రాలకు ఓడలు ఇక్కడి నుంచే బయల్దేరతాయని రాశాడు.

ఆ దారి మొదటి మజిలీ మన జిల్లాలోనే ఉంది. హయత్‌నగర్‌లో ఇబ్రహీం మనవరాలు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయత్ బక్షీ బేగం పేరున్న మసీదు, దాని చుట్టూ కమానుల సరాయి గదులు, పక్కన ఏనుగుల బావి ఉన్నాయి. బందరు వైపు పోయే బిడారులు రాత్రికి ఆగిన చోటది. ఈరోజు విజయవాడ బస్సులు ఆ గోడల పక్క నుంచే దూసుకుపోతాయి. పుణె నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నంలోనే ముగుస్తుందని బస్సులో కూర్చున్నవాళ్లలో ఎందరికి తెలుసో!

యూరప్ కంపెనీలు రాకముందే బందరులో ఇరాన్ వర్తకులు, తెలుగు కోమట్లు, నౌకలున్న ముస్లిం వ్యాపారులు ఉన్నారు. రాజుగారి ఓడలు ఎర్రసముద్రానికి యాత్రికులను, మక్కా మదీనా పేదలకు దానంగా బియ్యాన్ని తీసుకెళ్లేవి. ఇరాన్ నుంచి వచ్చిన మీర్ జుమ్లా కొన్నాళ్లు బందరు హవల్దారుగా ఉండి వజ్రాలతో, ఓడలతో సంపన్నుడై గోల్కొండకే పెద్ద మంత్రి అయ్యాడు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చారు, ఫ్రెంచివారికి 1669లో ఫర్మానా దొరికింది. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేటలు ఈనాటికీ ఊళ్లో ఉన్నాయి. డచ్చి శ్మశానంలో చెక్కిన సమాధి రాళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి.

ఈ కంపెనీలన్నీ మొదట వచ్చింది బట్ట కోసం. ఆగ్నేయాసియా దీవుల్లో మసాలాలు కొనాలంటే డబ్బు కన్నా కోరమండలం బట్టకే విలువ ఎక్కువ. బందరు అద్దకంలోని ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. గవ్వల సున్నం కలిసిన తీరపు నేలలో పెరిగిన వేరు ఇచ్చిన రంగు మరో చోట రాదని ఆనాటి వర్తకులు రాసుకున్నారు. బట్టను కరక్కాయ నీటిలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీటితో నలుపు వస్తుంది. పటిక అద్దిన చోట ఎరుపు పట్టుకుంటుంది, అద్దని చోట ఉతుకులో పోతుంది. పారే నీటిలో జాడించడం, రాగి పాత్రలో ఉడకబెట్టడం, మళ్లీ ఎండబెట్టడం. చేతికి రంగంటుకున్న ఆ మనుషుల పేర్లు కంపెనీల లెక్కల పుస్తకాల్లో దాదాపుగా కనిపించవు. వాళ్ల పని మాత్రం యూరప్ నేతగాళ్లను భయపెట్టింది. ఫ్రాన్సు 1686లో అద్దకం బట్టలను నిషేధించింది, ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసింది. బందరుకు పది కిలోమీటర్ల దూరంలోని పెడనలో టేకు అచ్చులతో ఆ పని ఇంకా సాగుతోంది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

1639లో అబ్దుల్లా కుతుబ్‌షా పరివారంతో బందరుకు వచ్చాడు. సరిగ్గా అదే ఏడాది, ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే దక్షిణాన ఒక ఇసుక తీరంలో కోట కట్టుకునే అనుమతి సంపాదించాడు. అదే చెన్నపట్నం. అక్కడ ఇంగ్లీషువారికి సొంత గోడలున్నాయి, గోల్కొండ అధికారుల అనుమతి అక్కర్లేదు. 1641లో వాళ్ల కోరమండల్ కార్యాలయ పెత్తనం బందరు నుంచి అక్కడికి మారింది. బందరుకు తొలి దెబ్బ ఇదే.

రెండో దెబ్బ గోల్కొండ నుంచే వచ్చింది. బందరు ప్రయాణంలో కూచిపూడి భాగవతుల ఆట చూసి గోల్కొండ చివరి సుల్తాను తానీషా వాళ్లకు ఊరు రాసిచ్చాడని చెప్పుకుంటారు. ఆ తానీషాయే 1687లో ఔరంగజేబు చేతికి చిక్కాడు. రాజధాని కూలింది, వజ్రాలు కొనేవాళ్లు, ఓడలకు పెట్టుబడి పెట్టే అమీర్లు చెదిరిపోయారు. రేవు అక్కడే ఉంది, పాయలు అక్కడే ఉన్నాయి. ఎడ్ల బిడారులు మాత్రం తగ్గాయి. చాలా వ్యాసాల్లో బందరు పతనం 1864 తుపానుతో మొదలవుతుంది. నా లెక్కలో అది అంతకు కనీసం 177 ఏళ్ల ముందే మొదలైంది.

ఆ తర్వాత బందరు కోట చేతులు మారింది. 1750లో ఫ్రెంచివారికి చిక్కింది. పట్నానికీ సముద్రానికీ మధ్య బురదలో ఉన్న కోట అది, బురదే దానికి కందకం. 1759 ఏప్రిల్ 7 రాత్రి కర్నల్ ఫోర్డ్ సైన్యం ఆ బురదను దాటి లోపలికి దూరింది, తెల్లారేసరికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. ఆ సమయానికి హైదరాబాద్ నవాబు సలాబత్ జంగ్ సైన్యంతో దగ్గర్లోనే ఉన్నాడు. తనకు అండగా ఉన్నవారు ఓడటం చూసి, మే 14న బందరును, చుట్టుపక్కల జిల్లాలను ఇంగ్లీషువారికి రాసిచ్చాడు. హైదరాబాద్ రాజ్యం తన రేవును వదులుకున్న రోజు అది. ప్లాసీ గురించి పిల్లలకు చెబుతాం. తెలుగునేల మ్యాపును మార్చిన ఈ రాత్రి గురించి కూడా చెప్పాలి.

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన అప్పటికే బలహీనపడిన ఊరి మీద పడింది. 13 అడుగుల ఎత్తున సముద్రం పొంగి ఊళ్లోకి, పొలాల్లోకి వచ్చింది. చుట్టుపక్కలంతా కలిపి దాదాపు 30,000 మంది చనిపోయారు. ఆ తర్వాత విశాఖలో లోతైన హార్బరు 1933లో తెరుచుకోవడంతో పెద్ద ఓడలు ఇటు చూడటమే మానేశాయి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు ఈ తీరం మళ్లీ శవాలను లెక్కపెట్టింది.

ఓడలు తగ్గినా బందరు మేధ తగ్గలేదు. 1902లో కృష్ణా పత్రిక, 1910లో కోపల్లె హనుమంతరావు జాతీయ కళాశాల, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు ఇక్కడే పుట్టాయి. 2011 లెక్కల ప్రకారం సుమారు 1.70 లక్షల మంది ఉన్న ఊరు ఇది.

ఇప్పుడు మళ్లీ రేవు మాట వినిపిస్తోంది. 2023 మేలో బందరు దగ్గర కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. బురద తీరంలో అలల అడ్డుగోడలు కట్టి, లోతుగా తవ్వి ఓడలను ఒడ్డుకే రప్పించాలని ప్రయత్నం. ఇటు తెలంగాణ ప్రభుత్వం డ్రైపోర్టు పెట్టి దాన్ని బందరుతో కలిపే కొత్త రహదారి కావాలని కేంద్రాన్ని అడుగుతోంది. ఆ దారి మొదలు కావాల్సింది ఆ ప్రభుత్వమే తలపెట్టిన ఫ్యూచర్ సిటీలో. ఆ సిటీ పరిధిలోకి వచ్చే మండలాల్లో ఇబ్రహీంపట్నం ఒకటి. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఈ ఊరికి బందరు దారి మళ్లీ ఎదురుపడబోతోంది. దాన్ని గీసే ఇంజినీర్లకు తావెర్నియే చెప్పిన చెరువులు, ఏళ్లు ఇప్పటికీ అడ్డం వస్తాయి. ఆయన వాటిని చుట్టి వెళ్లాడు, ఈ యంత్రాలకు అవి పూడ్చడం తేలిక. మన పెద్దచెరువుకు నీళ్లు తెచ్చే వాగులు, ఫిరంగి నాలా మ్యాపులో ఎక్కడున్నాయో ఆ గీత గీయకముందే ఇక్కడి రైతులు వెళ్లి చూసుకోవాలి.