బందర్ రోడ్డు చివర ఇంగ్లిష్ బడి

ఈ వీడియో చూస్తున్నవాళ్ళలో సగం మంది రోజూ విజయవాడ బందర్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్ళే అయ్యుంటారు. బోర్డు మీద మహాత్మా గాంధీ రోడ్డు అని రాసుంటుంది కానీ ఆటో అన్నకి బందర్ రోడ్డు అంటేనే అర్థమవుతుంది. ఆ రోడ్డు పట్టుకుని సుమారు 70 కిలోమీటర్లు పోతే మచిలీపట్నం, అదే మన బందరు. లడ్డూ కోసం వెళ్ళుంటారు. నేను ఈసారి ఒక బడి కోసం వెళ్ళాను.

ఎందుకు వెళ్ళానో ముందు చెప్తా. మా పిన్ని కూతురు నర్సింగ్ అయిపోయి, జర్మనీ వెళ్దామని జర్మన్ నేర్చుకుంటోంది. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బి2 లెవెల్ దాకా భాష రావాలి. ఒక రాత్రి ఫోన్ చేసి, "అన్నయ్యా, నాకు జర్మన్ రాక కాదు, సార్ జర్మన్‌ని ఇంగ్లిష్‌లో చెప్తున్నాడు, ఆ ఇంగ్లిష్ దగ్గరే ఆగిపోతున్నా" అంది. నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. నేనూ తెలుగు మీడియమే. బీటెక్ అయ్యి మొదటి ఉద్యోగంలో చేరాక, క్లయింట్ కాల్ వస్తే మ్యూట్ తీయడానికి భయపడి, తెలిసిన జవాబు కూడా చాట్‌లో టైప్ చేసినవాణ్ణి. టెన్త్‌లో ఇంగ్లిష్ అంటే మాకు గైడు బట్టీ. అయిదేళ్ళలో క్లాసులో ఒక్కసారి కూడా నోరు తెరిచి ఇంగ్లిష్ మాట్లాడిన గుర్తు లేదు.

అసలు మన డెల్టాలో పరాయి భాషని బడిలో కూర్చోబెట్టి నేర్పడం ఎప్పుడు మొదలైంది? అది వెతికితే బందరు తేలింది.

బడి కంటే ముందు రేవు. 1600ల మొదట్లో డచ్చివాళ్ళు బందరులో దిగారు. 1611లో ఇంగ్లిష్ కంపెనీ ఓడ గ్లోబ్ వచ్చింది. 1669లో ఫ్రెంచివాళ్ళు. ఊళ్ళో ఫ్రెంచిపేట అనే పేరు ఇప్పటికీ వినిపిస్తుంది, అక్కడ వాళ్ళకి హక్కులు 1947 దాకా నడిచాయి. ఇన్ని భాషల మధ్య బేరం కుదిర్చింది దుబాసీలు. దుబాసి అంటే రెండు భాషలవాడు. వాళ్ళకి సిలబస్ లేదు, సర్టిఫికెట్ లేదు. రేవులో, గోదాముల్లో, తిట్లతో సహా నేర్చుకున్నారు. అప్పట్లో ఈ తీరం అంతా పోర్చుగీసు ఒక బేరం భాషలా నడిచేది. మనం రోజూ వాడే బొత్తాం, మేస్త్రీ, అల్మారా, పాదిరీ, వేలం, ఇవన్నీ పోర్చుగీసు మాటలే. ఎవరూ మనకి క్లాసు తీసుకోలేదు, అయినా అంటుకున్నాయి.

ఇక బడి. 1841లో ఇంగ్లండ్ నుంచి ఇద్దరు మిషనరీలు బందరు వచ్చారు, రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్. ఇద్దరూ పని పంచుకున్నారు. ఫాక్స్ తెలుగు నేర్చుకుని ఊళ్ళు తిరిగి ప్రచారం. నోబుల్ ఒకచోట కూర్చుని ఇంగ్లిష్ బడి. ఆ బడి 1843లో తెరిచారు. ఫాక్స్ ఆరోగ్యం పాడై 1848లో చనిపోయాడు. ఆయన చదివిన రగ్బీ స్కూలు (అవును, ఆట పుట్టిందంటారే, అదే) ఆయన పేరు మీద డబ్బులు పోగుచేసి బందరు బడిలో ఒక మాస్టారి జీతానికి పంపేది. మన కృష్ణా జిల్లా పిల్లల ఇంగ్లిష్‌కి రగ్బీ పిల్లలు చందా వేశారన్నమాట.

టైమింగ్ చూడండి. బడి తెరిచిన మరుసటి ఏడాది, 1844లో, గవర్నర్ జనరల్ హార్డింజ్ ఒక ఉత్తర్వు తెచ్చాడు: సర్కారీ ఉద్యోగాల్లో ఇంగ్లిష్ చదువుకున్నవాళ్ళకి ముందు చోటు. ఇక పెద్ద కుటుంబాలు పిల్లల్ని పంపకుండా ఉంటాయా? నోబుల్‌కి కావలసింది మతం, తల్లిదండ్రులకి కావలసింది కచేరీలో కొలువు. ఇద్దరికీ మధ్య వంతెన ఇంగ్లిష్. ఎవరి లెక్క వాళ్ళకుంది, ఎవరూ బయటికి అనలేదు.

1852లో ఆ లెక్క తేడా కొట్టింది. మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు పెద్దకులాల విద్యార్థులు క్రైస్తవం తీసుకున్నారు. ఊరు భగ్గుమంది. బడి దాదాపు ఖాళీ అయింది. నేను ఇక్కడ ఎవరి తప్పు అని తీర్పు చెప్పను. ఆ తల్లిదండ్రుల భయం నిజం, కొడుకు ఇంట్లోంచి, కులంలోంచి ఒక్కరోజులో బయటికి పోయాడు. ఆ కుర్రాళ్ళ నిర్ణయమూ నిజమే, తర్వాత ఇద్దరూ పాదిరీలయ్యారు. కానీ నాకు ఆశ్చర్యం కలిగించింది ఆ తర్వాత జరిగింది. పిల్లలు మళ్ళీ మెల్లగా వచ్చారు. కొడుకు చెయ్యిజారతాడేమో అన్న భయం కంటే కొలువు పోతుందన్న భయం పెద్దది.

ఇంకో విషయం, ఇది చాలామంది చెప్పరు. నోబుల్ మొదట్లో ఆ బడిలోకి దళిత పిల్లల్ని రానివ్వలేదు. వాళ్ళొస్తే పెద్దకులాల పిల్లలు లేచిపోతారని ఆయన వాదన. దేవుడి ముందు అందరూ సమానం అని చెప్పడానికి సముద్రాలు దాటొచ్చిన మనిషి, క్లాస్‌రూమ్ తలుపు దగ్గర మాత్రం బందరు లెక్కే పాటించాడు. నాకు ఆయన మీద గౌరవం ఉంది. 1841 నుంచి 1865లో చనిపోయేదాకా ఒక్కసారి కూడా ఇంగ్లండ్ వెళ్ళలేదు. 1864 నవంబరు 1న బందరు ఉప్పెనలో సుమారు 30,000 మంది పోతే, ఆ ఊరు వదిలి పోలేదు. అయినా ఆ తలుపు విషయం మర్చిపోలేను. ఇంగ్లిష్ ఈ డెల్టాలోకి మొదటి రోజు నుంచే టికెట్ ఉన్నవాళ్ళకే వచ్చింది.

ఇదే బందరులో 1820లలో సి.పి. బ్రౌన్ ఉద్యోగం చేశాడు. ఆయనది ఉల్టా కథ, మన భాష ఆయనకి పరాయిది. వేమన పద్యాలు పోగేసి, 1829లో అచ్చు వేయించి, 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చాడు. అదే 1852. ఒక పక్క ఇంగ్లిష్ బడి ఖాళీ అవుతుంటే ఇంకో పక్క తెలుగు డిక్షనరీ. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట పని మొదలైందీ ఆ ఏడాదే. కాకతాళీయమే, కానీ నాకు నచ్చింది కాబట్టి చెప్పాను.

తర్వాత బడి కాలేజీ అయింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అక్కడ పాఠం చెప్పారు. ఆయన దగ్గర చదివినవాళ్ళలో పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు ఉన్నారు. ముట్నూరి వారు ఆ ఇంగ్లిష్ చదువుతో ఏం చేశారు? కృష్ణాపత్రికని 1907 నుంచి దశాబ్దాలు తెలుగులో నడిపారు. పట్టాభి 1919లో జన్మభూమి అని ఇంగ్లిష్ వారపత్రిక పెట్టి తెల్లవాళ్ళని వాళ్ళ భాషలోనే కడిగారు. 1910లో కోపల్లె హనుమంతరావుతో కలిసి బందరులోనే ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టిందీ వీళ్ళే.

ఇప్పటికి వద్దాం. నేను విజయవాడలో ఇంటర్ చదివినప్పుడు సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. 98 మార్కులు. జవాబులు తెలుగు లిపిలోనే రాశా. ఒక్క వాక్యం సొంతంగా చెప్పమంటే రాదు. నవ్వకండి, మీలో సగం మందిది ఇదే కథ. మన దగ్గర భాష అంటే ర్యాంకుకి కలిపే మార్కులు, అంతే.

అందుకే ఆ రాత్రి మా చెల్లికి ఇంగ్లిష్ పక్కన పెట్టి తెలుగు నుంచే జర్మన్ చెప్పడానికి ప్రయత్నించా. నాకు వచ్చింది ఏ1 మాత్రమే, ఆఫీసులో జర్మన్ క్లయింట్ పుణ్యం. జర్మన్‌లో అమ్మాయి అనే మాటకి 'దాస్' వస్తుంది, అంటే స్త్రీలింగం కాదు, నపుంసకం. ఇంగ్లిష్ నుంచి చూస్తే ఇది పిచ్చి. తెలుగు నుంచి చూడు అన్నా: "అబ్బాయి వచ్చాడు. అమ్మాయి వచ్చింది. బస్సు వచ్చింది." మనం కూడా అమ్మాయినీ బస్సునీ ఒకే గాటన కట్టేశాం కదా! ఇంకోటి, 'ఎందుకంటే' లాంటి మాట తర్వాత జర్మన్‌లో క్రియ వాక్యం చివరికి పోతుంది. ఇంగ్లిష్ వాళ్ళు దానికి తల పట్టుకుంటారు. మన క్రియ ఎప్పుడూ చివరే ఉంటుంది.

అటు నుంచి కాసేపు సౌండ్ లేదు. తర్వాత, "అన్నయ్యా, ఇది సార్ ఎందుకు చెప్పలేదు?" అంది.

సార్‌కి కూడా ఎవరూ చెప్పి ఉండరమ్మా అన్నా. బి1 పరీక్ష వచ్చే నెల. ఫలితం వచ్చాక తననే కెమెరా ముందు కూర్చోబెడతా, జర్మన్‌లోనే మాట్లాడిస్తా, కింద తెలుగు సబ్‌టైటిల్స్ నేను వేస్తా.