హార్డ్ డిస్క్ నుంచి టక్.. టక్.. శబ్దమా? ముందు రిపేర్ కాదు, కాపీ! ఇంట్లోనే ఇలా చెక్ చేసుకోండి

కంప్యూటర్ ఆన్ చేసి పది నిమిషాలైనా తెరుచుకోదు. తెరుచుకున్నా ఒక్క ఫోటో మీద క్లిక్ చేస్తే చాలు.. చుక్కలు గిర్రున తిరుగుతూనే ఉంటాయి. ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్ వచ్చి దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇళ్లలో ఆ తర్వాత జరిగేది ఒకటే. తెలిసిన కుర్రాణ్ని పిలుస్తారు. "విండోస్ పోయింది, మళ్లీ ఎక్కిస్తే సరి" అంటాడు. గంటలో ఫార్మాట్ అయిపోతుంది. పెళ్లి వీడియో, పిల్లల చిన్నప్పటి ఫోటోలు ఆ డిస్క్‌లోనే ఉన్నాయన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది.

విండోస్ పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే దొరుకుతుంది. ఫోటోలు అలా దొరకవు. అందుకే కంప్యూటర్ మొరాయించినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది, పాడైంది విండోసా లేక డిస్కా అన్నది. రెండింటి లక్షణాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి. చేయాల్సిన పని మాత్రం పూర్తిగా వేరు. విండోస్ సమస్యకు వాడే మందు, చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కు విషంలా పనిచేస్తుంది.

డిస్కా? విండోసా?

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలు ఉంటాయి. ఇళ్లలో వాడే డిస్క్‌ల్లో అవి సాధారణంగా నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. వాటిపై డేటాను చదివే హెడ్ పళ్లేన్ని తాకకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మనిషి వెంట్రుక మందమే వేల నానోమీటర్లు ఉంటుంది కాబట్టి ఆ సందు ఎంత ఇరుకో ఊహించుకోవచ్చు. సన్నటి దుమ్ము రేణువు పడినా, నడుస్తున్న ల్యాప్‌టాప్ మంచం మీద నుంచి జారినా హెడ్ వెళ్లి పళ్లేన్ని గీరేస్తుంది. (1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్క్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నింటిలో కలిపి పట్టేది దాదాపు 5 ఎంబీ.. అంటే ఇప్పటి ఫోన్‌లో తీసిన ఒక ఫోటో!)

డిస్క్ పాడవుతోందని చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. లయ తప్పకుండా టక్.. టక్.. మని కొట్టుకునే శబ్దం, లేదా గీరుతున్నట్టు కరకర. ఒకే ఫైలు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కాపీ ఆగిపోవడం. ఫోల్డర్ల పేర్లు పిచ్చి గుర్తులుగా మారడం. ఆన్ చేసినప్పుడు ఒకసారి డిస్క్ కనిపించి, ఇంకోసారి కనిపించకపోవడం. వీటిలో శబ్దం అన్నింటికంటే ప్రమాదకరం.

శబ్దం లేకపోతే కీబోర్డ్‌పై కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ మీద నొక్కితే రెండు విషయాలు కనిపిస్తాయి. డిస్క్ 100 శాతం బిజీగా ఉండి, వేగం కూడా సెకనుకు పదుల ఎంబీల్లో ఉంటే అది నిజంగానే పనిలో ఉన్నట్టు. అప్‌డేట్ దిగుతూ ఉండొచ్చు, యాంటీవైరస్ స్కాన్ నడుస్తూ ఉండొచ్చు. అలా కాకుండా 100 శాతం చూపిస్తూ వేగం కొన్ని కేబీల దగ్గరే కునుకు తీస్తుంటే, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లలో ఉంటే డిస్క్‌ను అనుమానించాల్సిందే. అది ఒకే ముక్కను పదే పదే చదవబోయి విఫలమవుతోందన్న మాట.

విండోస్ సమస్య తీరు వేరు. నిన్నటిదాకా బాగుండి, అప్‌డేట్ పడిన రాత్రి నుంచే మొదలవుతుంది. ఏదో ఒక ప్రోగ్రామ్ తెరిచినప్పుడే ఆగిపోతుంది. సేఫ్ మోడ్‌లో మాత్రం హాయిగా నడుస్తుంది. దీనికి పెద్ద ఉదాహరణ 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పుడు అప్‌డేట్ వెళ్లడంతో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌లో ఇరుక్కుపోయాయి. హైదరాబాద్ నుంచి విమానం ఎక్కాల్సిన వాళ్లకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ కంప్యూటర్లలో డిస్క్‌లకు ఏమీ కాలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసేస్తే లేచి కూర్చున్నాయి. బ్లూ స్క్రీన్ వచ్చినంత మాత్రాన డిస్క్ పోయినట్టు కాదు.

రంగు చూసి చెప్పేయొచ్చు.. కానీ!

హార్డ్ డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే రాసుకుంటూ ఉంటుంది. ఆ ఏర్పాటు పేరు స్మార్ట్. దాన్ని చదివి చూపించడానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. మామూలుగా నీలం రంగుతో గుడ్ అని వస్తే ఫర్వాలేదు, పసుపు వస్తే జాగ్రత్త, ఎరుపు వస్తే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే.

రంగు కంటే కింద ఉండే వరుసల్లో అసలు కథ ఉంటుంది. 05 అనే వరుస.. చెడిపోయిన చోట్లను వదిలేసి డిస్క్ ఎన్నిసార్లు తన స్పేర్ చోటును వాడుకుందో చెబుతుంది. సి5.. చదవలేక, తేల్చుకోలేక పక్కన పెట్టిన చోట్లు. సి6.. ఎంత ప్రయత్నించినా సరిచేయలేకపోయినవి. ఈ మూడింటి చివర ఉండే అంకెలన్నీ సున్నాలుగా ఉంటే మంచిది. సున్నా కాకపోతే, అందులోనూ వారం వారం పెరుగుతుంటే, కొత్త డిస్క్ కొనే పనిలో ఉండాలి. సి7 అనే వరుస ఒక్కటే పెరుగుతుంటే మాత్రం కంగారు పడొద్దు. అది ఎక్కువగా కేబుల్ సమస్య. డెస్క్‌టాప్ పవర్ తీసేసి, డబ్బా విప్పి డేటా కేబుల్ ఊడదీసి గట్టిగా పెట్టినా, కొత్తది మార్చినా తగ్గిపోయే అవకాశం ఉంది. మారుస్తే అయ్యే ఖర్చు కూడా తక్కువే.

గుడ్ అని వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండొచ్చా? ఉండకూడదు. గూగుల్ తన డేటా సెంటర్లలోని లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. స్కాన్‌లో మొదటి తప్పు బయటపడిన డిస్క్, ఏ తప్పూ లేని డిస్క్‌తో పోలిస్తే తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అదే అధ్యయనంలో ఇంకో మాట కూడా ఉంది. పోయిన డిస్క్‌ల్లో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటి కూడా చూపించకుండానే పోయాయి. ఎరుపును నమ్మాలి, నీలాన్ని పూర్తిగా నమ్మకూడదు.

కాపీ ఎలా చేయాలి?

డిస్క్ మీద అనుమానం వచ్చిన క్షణం నుంచి దానిమీద కొత్తగా ఏదీ రాయకూడదు. డౌన్‌లోడ్‌లు, అప్‌డేట్‌లు, స్కాన్‌లు అన్నీ ఆపేయాలి. టక్ టక్ శబ్దం వస్తుంటే అసలు కంప్యూటర్‌నే ఆపేయాలి. "ఇంకొక్కసారి ఆన్ చేసి చూద్దాం" అన్న ప్రతిసారీ లోపల హెడ్ మరికొంత గీరే ప్రమాదం ఉంది.

శబ్దం లేకుండా నెమ్మదిగా అయినా నడుస్తుంటే, ఖాళీగా ఉన్న వేరే డిస్క్‌నో పెన్‌డ్రైవ్‌నో పక్కన పెట్టుకోండి. మొత్తం సి డ్రైవ్‌ను సెలెక్ట్ చేసి ఒకేసారి కాపీ కొట్టొద్దు. ఒక్క చెడ్డ ఫైలు దగ్గర మొత్తం ఆగిపోతుంది. ఇంకెక్కడా దొరకనివి ముందు తీయాలి.. సొంత ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, దుకాణం లెక్కల ఫైళ్లు. సినిమాలు, సాఫ్ట్‌వేర్‌లు తర్వాత సంగతి. ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ తీసుకుంటూ, ఎక్కడ ఆగితే దాన్ని స్కిప్ చేసి ముందుకెళ్లాలి. విండోస్‌లో ఉండే రోబోకాపీ కమాండ్ తెలిసినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మనం మార్చకపోతే అది చదవలేని ఒక్కో ఫైలు కోసం 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది! ఆ సంఖ్యను ఒకటికి తగ్గించాకే మొదలుపెట్టాలి.

విండోస్ తెరుచుకోకపోతే ఫైళ్లు పోయినట్టు కాదు. వేరే కంప్యూటర్‌లో ఉబుంటు లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతో ఈ కంప్యూటర్‌ను ఆన్ చేయొచ్చు. అక్కడ ట్రై ఉబుంటు అన్నదే ఎంచుకోవాలి. ఇన్‌స్టాల్ నొక్కి ముందుకెళ్తే ఉన్నది కూడా చెరిగిపోవచ్చు. లేదంటే డిస్క్‌ను బయటికి తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించొచ్చు. అప్పుడు విండోస్ "ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని అడిగే అవకాశం ఉంది. అలవాటుగా ఓకే నొక్కేస్తారు చాలామంది. అక్కడ నొక్కాల్సింది క్యాన్సిల్.

కొత్త ల్యాప్‌టాప్‌ల్లో ఇంకో మెలిక ఉంది. విండోస్ 11లో డిస్క్ మొత్తానికి బిట్‌లాకర్ తాళం పడి ఉండొచ్చు, అదీ వాడేవాళ్లకు తెలియకుండానే. డిస్క్ తీసి వేరే చోట పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలా సందర్భాల్లో అది ల్యాప్‌టాప్‌కు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. కంప్యూటర్ బాగున్న రోజే ఆ అకౌంట్ తెరిచి, కీని కాగితం మీద రాసి పెట్టుకుంటే మేలు. అది లేకపోతే రికవరీ షాపువాళ్లు కూడా ఏమీ చేయలేరు.

మామూలు పద్ధతిలో కాపీ కాకపోతే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఉంది. చెడ్డ చోట్ల దగ్గర కొట్టుకోకుండా ముందు సులువుగా వచ్చేదంతా లాగేసి, మిగిలినవాటి కోసం తర్వాత వెనక్కి వస్తుంది. మధ్యలో ఆపినా, మ్యాప్ ఫైలు ఇచ్చి ఉంటే ఆగిన చోటు నుంచే మొదలుపెడుతుంది. పాత డిస్క్ ఏదో, కొత్త డిస్క్ ఏదో కమాండ్‌లో తారుమారైతే మాత్రం ఖాళీ డిస్క్ వెళ్లి ఫోటోల డిస్క్ మీద పడుతుంది. రెండుసార్లు చూసుకుని ఎంటర్ నొక్కాలి.

చెక్‌డిస్క్‌తో జాగ్రత్త

కంప్యూటర్ స్లో అనగానే ఎక్కువమంది ఇచ్చే సలహా చెక్‌డిస్క్ నడపమని. ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది. చెక్‌డిస్క్ ముఖ్యంగా సరిచేసేది ఫైళ్ల పట్టికను, డిస్క్ యంత్రాన్ని కాదు. చెడ్డ సెక్టార్లు వెతకమని చెబితే డిస్క్‌లోని ప్రతి చోటునూ చదువుతుంది. పెద్ద డిస్క్ అయితే గంటల తరబడి. ఆయాసపడుతున్న రోగిని పరుగు పందెంలో నిలబెట్టినట్టే. పైగా లెక్క కుదరని ఫైళ్లను ముక్కలుగా కత్తిరించి పక్కన పడేస్తుంది. కాపీ అయిపోయాక నడపండి, తప్పులేదు. ముందు మాత్రం వద్దు.

డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని వీడియోలు తిరుగుతుంటాయి. బయటికి తీయగానే తేమ పడుతుంది. ఆ తేమతో ఆన్ చేస్తే ఉన్న కాస్త ఆశ కూడా పోతుంది. మూత విప్పి చూడటం కూడా అంతే.

డిస్క్ బాగుండి విండోసే చెడితే?

అప్పుడు పని తేలికే. విండోస్ వరుసగా కొన్నిసార్లు తెరుచుకోలేకపోతే రిపేర్ స్క్రీన్ దానంతట అదే వస్తుంది. స్టార్టప్ రిపేర్ ప్రయత్నించి, కుదరకపోతే చివరగా పడిన అప్‌డేట్‌ను తీసేసి చూడాలి. తెరుచుకుంటే సిస్టమ్ ఫైల్ చెకర్ నడపొచ్చు. ఇవేవీ పనిచేయకపోతేనే రీసెట్ దిస్ పీసీ. అందులో కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే సొంత ఫైళ్లు ఉంటాయి, ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రామ్‌లు పోతాయి. అయినా సరే, కాపీ లేకుండా రీసెట్ జోలికి వెళ్లొద్దు.

డిస్క్ పోయిందని తేలితే అదే డిస్క్ మీద మళ్లీ విండోస్ ఎక్కించడం డబ్బు దండగ. నాలుగు రోజులు నడిచి మళ్లీ పడుతుంది. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ వేసుకోవడం మంచిది. పాత కంప్యూటర్‌కు వచ్చే వేగం చూస్తే ముందే ఎందుకు మార్చలేదా అనిపిస్తుంది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, కంప్యూటర్‌కు అర్హత ఉంటే పనిలో పనిగా విండోస్ 11 వేసుకోవచ్చు. ఎస్ఎస్‌డీలో తిరిగేవి ఏమీ ఉండవు, టక్ టక్ ఉండదు. అంటే ముందస్తు శబ్దమూ ఉండదు. నిన్న బాగుండి ఇవాళ అసలు కనిపించకుండా పోవచ్చు. పొరపాటున డిలీట్ చేసినవి కూడా అందులో నుంచి తిరిగి రావడం చాలా కష్టం.

శబ్దం వచ్చే డిస్క్‌లో విలువైనవి ఉంటే దుమ్ము చేరని గది ఉన్న రికవరీ సెంటర్‌కే ఇవ్వాలి. ఎంతవుతుందో, ఫైళ్లు రాకపోతే ఏమీ తీసుకోరో లేదో ముందే కాగితం మీద రాయించుకోవాలి. వారంటీలో ఉంటే కంపెనీ సాధారణంగా కొత్త డిస్క్ ఇస్తుంది, పాతదాంట్లోని ఫోటోలు ఇవ్వదు. వారంటీ కోసం పంపిన డిస్క్ తిరిగి రాదు కాబట్టి రికవరీ పని ముందు పూర్తి కావాలి.

కాపీ పూర్తయ్యాక పేర్లు కనిపిస్తే సరిపోదు. వీడియోను మధ్యలోకి, చివరికి జరిపి చూడాలి, కొన్ని ఫోటోలు పెద్దవి చేసి చూడాలి. సగం బూడిద రంగులో ఉన్న ఫోటో అంటే కాపీ సగమే అయినట్టు. ఆ తర్వాత ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉన్న అన్నయ్య దగ్గరో, క్లౌడ్‌లోనో పెట్టండి. పాత డిస్క్‌ను అలాగే పాత సామానువాళ్లకు ఇవ్వొద్దు. క్విక్ ఫార్మాట్ చేసినా అందులోని ఆధార్, బ్యాంకు కాగితాలను బయటికి తీసేవాళ్లు ఉంటారు. ఇంకా నడుస్తుంటే మొత్తం డిస్క్‌ను చెరిపే ఫుల్ ఫార్మాట్ చేయాలి. నడవకపోతే డ్రిల్‌తో పళ్లేల గుండా రంధ్రాలు పెట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు అప్పగించాలి.