పన్నెండు మీద ఒకటి

గూడ దాకా ఆటో రాదు. సీతంపేట దాటాక తారు రోడ్డు వదిలేసి, జీడితోటల మధ్య బాట పట్టారు మీరు. జూన్ నెల. రాత్రి పడ్డ వానకి ఎర్రమన్ను చెప్పులకి అంటుకుని అడుగు బరువెక్కుతోంది. ఎడమ పక్క వాలులో పోడు చేను. విత్తనం జల్లేవాళ్లు తెల్లారకముందే కొండెక్కేశారు, గూడలో ముసలివాళ్లూ చంటిపిల్లలే మిగిలారు. తెరిచి ఉన్న ఒక తలుపులోంచి లోపలి గోడ కనిపిస్తోంది. ఎర్రమట్టి పూత మీద బియ్యప్పిండితో గీసిన మనుషులు, ఏనుగులు, చెట్లు. నిలబడి చూడాలనిపిస్తుంది గానీ, బడి గంట కొడుతున్నారు. పదండి.

ఒకటే గది. ఒకటీ రెండూ తరగతులు కలిసి కూర్చున్నాయి. మీరు వెనక గోడకి చేరగిలబడండి, పిల్లలు ఓసారి తిరిగి చూసి ఊరుకుంటారు.

"నీ పేరేటమ్మా?" మాస్టారు ముందు వరసలో పాపని అడిగారు. పాప తల దించుకుంది. పక్కవాడిని అడిగారు. వాడూ అంతే. గది మొత్తం బిగుసుకుపోయింది. ఇందాక బోరింగు దగ్గర ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చిమ్ముకుంటూ గొంతులు చించుకున్నది ఈ పిల్లలే. గడప దాటగానే ఆ నోళ్లు ఎక్కడికి పోయాయి?

ఈ పిల్లల ఇంటి భాష సవర. అది తెలుగుకి చుట్టం కాదు. గోండీ, కోయా, కువీ మన ద్రావిడ కుటుంబంలోవే. సవర ముండా భాష, సంతాలీకీ ముండారీకీ తోబుట్టువు. ఈ పాపకి తెలుగు పూర్తిగా పరాయి భాష. ఆరేళ్ల పిల్ల తనకి అర్థం కాని ప్రశ్నకి జవాబు చెప్పకపోతే, దాన్ని మందబుద్ధి కింద జమకట్టిన బడులు మన దగ్గర ఎన్నో. అలా రాసిపెట్టిన మాట ఆ పిల్లని ఐదో తరగతి దాకా వెంటాడుతుంది. ఒక్కోసారి బడి మానిపించేస్తుంది కూడా.

ఈ గదిలో అలా జరగలేదు. తలుపు దగ్గర కూర్చున్న వలంటీరు లేచింది. ఇదే గూడ అమ్మాయి, ఇంటర్ చదివింది. సవరలో ఒక్క మాట అడిగింది, అంతే. పాప పేరు చెప్పింది, అన్న పేరు చెప్పింది, మేక ఈనిందని చెప్పింది. పక్కవాడు ఆగలేక మధ్యలో దూరాడు. మాస్టారు గోలని ఆపలేదు. చెవి ఒగ్గి వింటూ, చేతిలో చిన్న పుస్తకంలో ఏవో మాటలు రాసుకుంటున్నారు.

ఇప్పుడు లెక్కలు. చాప మీద చింతపిక్కలు పోశారు. ఒక పిల్లాడు ఒక్కో పిక్కా పక్కకి జరుపుతూ తెలుగులో లెక్కపెడుతున్నాడు. పది, పదకొండు, పన్నెండు. తర్వాతి పిక్క మీద వేలు పెట్టి "పన్నెండు ఒకటి" అన్నాడు. ఆ తర్వాత "పన్నెండు రెండు".

మాస్టారి చెయ్యి గాలిలో ఆగింది. "మళ్లీ చెప్పరా నాన్నా." వాడు తడబడకుండా మళ్లీ అదే చెప్పాడు. "పన్నెండు ఏడు" దాకా వెళ్లి, ఇరవై అన్నాడు.

"తప్పు కాదు సార్," వలంటీరు అంది. "మా మామ్మోళ్లు అలాగే లెక్కెడతారు."

అలాగే లెక్కపెడతారు. సవరలో పన్నెండు దాకా ఒక్కో అంకెకీ సొంత పేరుంది. పదమూడు అంటే పన్నెండు మీద ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండు మీద ఏడు. ఇరవై దగ్గర కొత్త కట్ట మొదలవుతుంది. ముప్ఫై మూడు చెప్పాలంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. ప్రపంచంలో ఇలా పన్నెండునీ ఇరవైనీ కలిపి లెక్క కట్టే భాషలు చాలా అరుదు. మన పిల్లాడు దాన్ని మామ్మ ఒళ్లో నేర్చుకుని బడికి వచ్చాడు. ఎర్ర పెన్నుతో కొట్టేస్తే పోయేది వాడి మార్కులొక్కటే కాదు, మామ్మకి లెక్క రాదన్న నమ్మకం కూడా వాడి బుర్రలో నాటుకుంటుంది.

ఇక్కడికి దగ్గర్లోనే పర్లాకిమిడి. 1880లో అక్కడ ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి పంతులు, సవరలకి చదువు చెప్పాలంటే ముందు తానే సవర నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకున్నారు. సవరలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపారు. మన్యం జ్వరాలకి క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆగస్టు 29న ఆయన్ని వాడుక భాష కోసం తలుచుకుంటాం. సవర బడుల కోసం కూడా అంతే గట్టిగా తలుచుకోవాలని నా కోరిక, ఎందుకంటే ఆ పని ఇంకా మిగిలే ఉంది. తల్లిభాషలో ప్రాథమిక విద్యకి వీలు కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లోనే చేరింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు మొదలుపెట్టింది. పుస్తకం ఉంటే సరిపోదు. దాన్ని పిల్లల భాషలో చదివి చెప్పే మనిషి రోజూ గదిలో ఉండాలి. ఆ వలంటీరు అమ్మాయి రాని రోజున ముందు వరసలో పాప మళ్లీ తల దించుకుంటుంది.

మాస్టారు పిల్లాడిని మామ్మ కోసం పంపారు. ఆవిడ అడ్డాకుల కట్ట చంకన పెట్టుకునే వచ్చింది. గుమ్మం దగ్గర తటపటాయించింది. "లోపలికి రామ్మా," అని మాస్టారు తన కుర్చీ చూపించారు. ఆవిడ వద్దని నేల మీదే కూర్చుంది. మాస్టారూ ఎదురుగా నేల మీదే కూర్చున్నారు.

ఆకులు పరుస్తూ ఆవిడ సవరలో లెక్క మొదలుపెట్టింది. పిల్లలు గొంతు కలిపారు. "మిగ్గల్" అనగానే వలంటీరు బోర్డు మీద పన్నెండు గీతలకి గుండ్రం చుట్టింది. ఆ పక్కన మాస్టారు పదుల లెక్కలో గీశారు. ముప్ఫై మూడు ఆకులు. ఇటు పక్క ఇరవై, పన్నెండు, ఒకటి. అటు పక్క మూడు పదులు, మూడు. రెండో తరగతి పిల్ల లేచి రెండు వైపులా గీతలన్నీ వేలితో తాకుతూ లెక్కపెట్టి, "రెండూ ఒకటే!" అని అరిచింది. మొదట సవరలో, ఆపైన తెలుగులో.

"రేపు కూడా వస్తావా అమ్మా? కొలతలు చెప్పాలి," అని అడిగారు మాస్టారు.

మామ్మ సంత తెలుగులో జవాబిచ్చింది. "రేపు ఇత్తనాలున్నాయి బాబూ. ఎల్లుండి నువ్వే పిల్లల్ని చేనుకి తోలుకురా. ఎంత నేలకి ఎంత గింజ పడతాదో అక్కడే చూపిస్తాను."

మాస్టారు పాఠ్య ప్రణాళిక పుస్తకం తెరిచి, ఎల్లుండి తేదీ కింద 'పోడు చేను, కొలతలు' అని రాసుకున్నారు. ఎన్నింటికి బయల్దేరాలో, పిల్లలు ఏం తెచ్చుకోవాలో వలంటీరుని అడుగుతున్నారు.