రంగు విరిగిన తర్వాత ఏం మిగులుతుంది?

నీలిమందు తొట్టి దగ్గర పనిచేసిన పాతకాలపు అద్దకపువాళ్లకు బ్యాక్టీరియా అన్న మాట తెలియదు గాని, వాటి చేత పని చేయించుకోవడం తెలుసు. నీలి నీటిలో కరగదు. తొట్టిలో సున్నంతోపాటు తగిరిస గింజల కషాయం పోసి పులియబెడితే, కొన్నాళ్లకు నీలం మాయమై పసుపుపచ్చటి ద్రవం తయారవుతుంది. అందులో ముంచిన నూలును పైకి తీసి గాలి తగలనిస్తే నీలం మళ్లీ తేలుతుంది. యూరప్‌లో మధ్యయుగాల నాటి పద్ధతిలో కలిపిన ఇలాంటి తొట్టి నుంచే 1990ల చివర శాస్త్రజ్ఞులు ఒక క్లాస్ట్రిడియం జాతి బ్యాక్టీరియాను వేరు చేశారు. అది నీలికి ఎలక్ట్రాన్లు అందించి రంగు పోగొడుతుంది. పోయిన రంగు గాలి తగలగానే తిరిగి వస్తుంది. అద్దకపు మురుగును బ్యాక్టీరియాతో శుద్ధి చేయాలనుకున్న వాళ్లందరూ రంగు మాయమైనంత మాత్రాన పని అయిపోయినట్టు కాదన్న ఈ సంగతిని చాలా ఆలస్యంగా, చాలా కష్టపడి తెలుసుకోవలసి వచ్చింది.

ఆ మురుగు కథ కృత్రిమ రంగులతో మొదలవుతుంది. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ క్వినైన్ తయారుచేయబోయి ఊదారంగు కనిపెట్టాడు. రెండేళ్లకు పీటర్ గ్రీస్ డయాజో చర్యను వెల్లడించాడు. రెండు నైట్రోజన్ పరమాణువులను జంట బంధంతో కలిపే అజో రంగులన్నీ దాని సంతానమే. 1868లో జర్మనీలో అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. అది అజో రంగు కాదు గాని, మచిలీపట్నం అద్దకాలకు ఎరుపునిచ్చిన చిరివేరును బజారు నుంచి తప్పించింది ఆ కొత్త సరుకే. 1884లో వచ్చిన కాంగో రెడ్ మాత్రం అజో రంగే. రంగును పోగుకు అంటించే ఏ కారమూ వాడకుండా నూలుకు నేరుగా పట్టడం దాని ప్రత్యేకత.

ఈ రంగులు ఎండకూ, సబ్బుకూ, చెమటకూ చెక్కుచెదరకూడదని కోరి తయారుచేసినవి. గుడ్డ మీద గుణమైనదే కాలువలో శాపమైంది. పైగా అజో బంధం ప్రకృతిలో బహు అరుదు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డర్న్, లాకెట్ కనిపెట్టిన పద్ధతి, మురుగులోకి గాలి ఊది బ్యాక్టీరియాను పెంచే పద్ధతి, ఊళ్ల మురుగును చక్కగా శుభ్రపరిచింది. అజో రంగుల దగ్గర మాత్రం చేతులెత్తేసింది. కొంత రంగు బురదకు అంటుకునేది, మిగతాది వచ్చిన దారినే పోయేది. 1956లో ఐసీఐ సంస్థ ప్రోసియన్ పేరుతో రియాక్టివ్ రంగులు తెచ్చాక సమస్య పెద్దదైంది. అవి నూలు పోగుతో రసాయన బంధం వేసుకుంటాయి. అయితే వాటిలో కొంత భాగం పోగుకు బదులు నీటితోనే కలిసిపోతుంది. ఒకసారి అలా చెడిన రంగు ఇక దేనికీ పట్టదు. ముదురు రంగులు వేసేటప్పుడు ఒక్కోసారి సగం దాకా ఇలా కాలువ పాలవుతుంది.

దారి చూపింది మందుల చరిత్ర. బ్యాక్టీరియా జబ్బులకు విరుగుడుగా గెర్హార్డ్ డోమాక్ 1935లో ప్రకటించిన ప్రాంటోసిల్ ఎర్రటి అజో రంగే. గాజుపాత్రలో అది బ్యాక్టీరియాను ఏమీ చేయలేదు, ఎలుకల ఒంట్లో మాత్రం పనిచేసింది. అదే ఏడాది పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రెఫూయెల్ దంపతులు, నిట్టి, బోవే గుట్టు విప్పారు: ఒంట్లో అజో బంధం తెగి, రంగులేని సల్ఫనిలమైడ్ బయటికి వస్తోంది, అసలు మందు అదే. బంధం తెంచడంలో పేగుల్లోని బ్యాక్టీరియా చేయి ఉందని ఆ తర్వాత తేలింది. 1967లో టార్ట్రజిన్ అనే తిండి రంగును పేగు బ్యాక్టీరియా ప్రోటియస్ విరిచేస్తుందని చూపించారు. పేగుల్లో ఆక్సిజన్ దాదాపు ఉండదు. కిటుకంతా అక్కడే. ఆక్సిజన్ ఉన్నచోట ఎలక్ట్రాన్లను అదే తన్నుకుపోతుంది. అది లేనిచోట వాటిని రంగు అందుకుంటుంది. నాలుగు ఎలక్ట్రాన్లు చేరితే బంధం తెగి, రంగు రెండు అమైన్లుగా విడిపోతుంది.

గాలి ఉన్నచోటే రంగును తినే బ్యాక్టీరియా కోసమూ వెతికారు. 1980ల మొదట్లో కుల్లా, జిమ్మర్‌మన్ బృందం సూడోమోనాస్‌ను నెలల తరబడి ఆరెంజ్ రంగులకు అలవాటు చేసి, బంధం తెంచే ఎంజైమును శుద్ధిచేసింది. గొప్ప పనే, కానీ ఆ ఎంజైము మహా పట్టింపు గలది. రంగు అణువులో ఒక పరమాణువుల గుంపు చోటు మారితే ముట్టదు. మురుగులో ఏ రోజు ఏ రంగు వస్తుందో ఎవరికీ తెలియని పరిశ్రమకు అది చాలదు.

నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు 1991 నాటిది. అమైన్లను చూసి భయపడే కారణం పాతదే: 1895లోనే ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు లుడ్విగ్ రేన్ రంగుల కార్మికుల్లో మూత్రాశయ క్యాన్సర్‌ను గుర్తించాడు. కాంగో రెడ్ విరిగితే వచ్చే బెంజిడిన్ అలాంటి క్యాన్సర్ తెచ్చే అమైనే. అంటే కేవలం రంగు పోగొట్టి ఊరుకుంటే, కంటికి కనిపించే విషాన్ని కనిపించని విషంగా మార్చినట్టే. 1991లో జర్మనీలో స్టుట్‌గార్ట్ శాస్త్రజ్ఞులు మోర్డంట్ యెల్లో 3 అనే రంగును ముందు గాలి లేకుండా విరిచి, తర్వాత గాలి ఊది, ముక్కలను కూడా బ్యాక్టీరియా కూటమి చేత పూర్తిగా తినిపించారు. ముందు గాలి లేని తొట్టి, వెనుక గాలి తొట్టి అన్న వరుసకు అది గట్టి ఆధారమైంది. బ్యాక్టీరియా నుంచి రంగుకు ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే క్వినోన్లు అనే పదార్థాల పాత్ర 1997లో బయటపడింది. యాక్టివేటెడ్ కార్బన్ కూడా ఆ మోత పని చేస్తుందని ఆ తర్వాత కొన్నేళ్లకు నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో చూపించారు.

మన దేశంలో ఈ పరిశోధన 2000ల తర్వాత ఊపందుకుంది. మరమగ్గాల పట్టణం ఇచల్‌కరంజికి దగ్గర్లోని కొల్హాపూర్ శివాజీ విశ్వవిద్యాలయంలో సంజయ్ గోవింద్వార్ బృందం ఎన్నో బ్యాక్టీరియాలను పరీక్షించింది. శుద్ధి చేసిన నీళ్లు పోసి జొన్న, మినుము గింజలు ఎలా మొలకెత్తుతాయో చూడటం వాళ్ల పద్ధతుల్లో ఒకటి. ఆ పరీక్ష నాకు చాలా ఇష్టం. ఎందుకంటే, మిగిలిన నీళ్ల సంగతి చూడకుండా ఇంత శాతం రంగు పోయిందని చెప్పి ముగించే వ్యాసాలు వందలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే రంగును, ప్రయోగశాల ఫ్లాస్కులో, పుష్టికరమైన ఆహారం కలిపి చేసినవి. అద్దకపు యూనిట్ నుంచి వచ్చే నీళ్లు మాత్రం వేడిగా, క్షారంగా, ఉప్పగా ఉంటాయి.

ఆ ఉప్పు సంగతి తమిళనాడులోని అద్దకపు పట్టణం తిరుప్పూర్ నేర్పింది. రియాక్టివ్ రంగు నూలుకు పట్టాలంటే తొట్టిలో ఉప్పు గుమ్మరించాలి. ఒక్కోసారి లీటరుకు 50 గ్రాములు, ఇంకా ఎక్కువ కూడా. ఆ నీళ్లు నొయ్యల్ నదిలోకి చేరాయి. సాగుకోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట వెనుక నిలిచాయి. కింది రైతుల బావులు, పొలాలు చెడ్డాయి. వాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. చివరకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకపు యూనిట్ల మూసివేతకు ఆదేశించింది. బయటికి చుక్క నీరు వదలని శుద్ధి కేంద్రాలతోనే అవి తిరిగి తెరుచుకున్నాయి. ఆ కేంద్రాల్లో బ్యాక్టీరియా తొట్లు ఉన్నాయి, కాని వాటి వెనుక ఉప్పును వడగట్టే రివర్స్ ఆస్మాసిస్ పొరలు, ఆవిరి యంత్రాలు కూడా ఉన్నాయి. రంగును విరిచే బ్యాక్టీరియా ఉప్పును విరవలేదు. వేరుచేసిన ఉప్పు నీటిలో కొంత మళ్లీ అద్దకానికే పోతోంది. ఎందుకూ పనికిరాని కలగాపులగపు ఉప్పును కేంద్రాలు బస్తాలకెత్తి దాచుకోవలసి వస్తోంది.