రివాల్వర్ పనివాడు

లైసెన్సున్న రివాల్వర్ మొరాయిస్తే బాగుచేసే మంచి పనివాడు ఎక్కడున్నాడని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా చేసి రిటైరైనవాణ్ని కాబట్టి వెంటనే ఒక పేరు చెప్పేస్తానని వాళ్ల ఆశ. పేరు చెప్పే బదులు, అలాంటి పనివాడు ఎందుకంత అరుదో చెబుతాను. దానికి దాదాపు 190 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1836లో అమెరికాలో శామ్యూల్ కోల్ట్ తన తిరిగే సిలిండర్ తుపాకీకి పేటెంటు తీసుకున్నాడు. న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో మొదలైన ఆ కర్మాగారం 1842లో మూతపడింది. మెక్సికో యుద్ధం వచ్చి, 1847లో ప్రభుత్వం వెయ్యి రివాల్వర్లు కావాలన్నాకే ఆయన నిలదొక్కుకున్నాడు. 1851లో లండన్ మహాప్రదర్శనలో సరుకు పరిచి, 1853లో అక్కడే థేమ్స్ ఒడ్డున పిమ్లికోలో కర్మాగారం తెరిచాడు. అందులో పనిచేసేవాళ్లలో వడ్రంగులు, కసాయివాళ్లు, బండి తోలేవాళ్లు, మాజీ పోలీసులు ఉన్నారని చార్లెస్ డికెన్స్ నడిపిన పత్రిక రాసింది. తరతరాలుగా తుపాకులు చేసేవాళ్లు అక్కర్లేదు, యంత్రం దగ్గర నిలబడి చెప్పినట్టు చేసేవాళ్లుంటే చాలన్నది కోల్ట్ నమ్మకం. 1854లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఇంజనీరు జేమ్స్ నాస్మిత్ కూడా ఆ యంత్రాలను ఎంతో మెచ్చుకున్నాడు.

అయినా ఆ కర్మాగారంలోనూ ఆఖరి పని చేతిదే. యంత్రం కోసిన భాగాలను, ఇనుము ఇంకా మెత్తగా ఉండగానే, ఆకురాయితో రాసి ఒకదానికొకటి కుదిర్చేవాళ్లు. కుదిరినవాటి మీద ఒకే సంఖ్య కొట్టి, ఆపైన గట్టిపరిచి, ఆ సంఖ్య చూసుకుని మళ్లీ బిగించేవాళ్లు. పాత కోల్ట్‌లో ఫ్రేమ్ మీదా, సిలిండర్ మీదా, బ్యారెల్ మీదా ఒకే సంఖ్య కనిపించేది అందుకే. ఒకదాని సిలిండర్ తీసి ఇంకోదానికి తగిలిస్తే సరిగ్గా కూర్చుంటుందన్న హామీ లేదు.

ఎందుకో తెలియాలంటే లోపల జరిగేది చూడాలి. హ్యామర్ వెనక్కి లాగితే పాల్ అనే చిన్న ముక్క సిలిండర్ వెనకున్న పళ్లను నెట్టి ఒక గది తిప్పుతుంది. ఆ గది బ్యారెల్‌కు ఎదురుగా రాగానే స్టాప్ అనే మరో ముక్క గాడిలో పడి సిలిండర్‌ను బిగబట్టాలి. ఆరు గదులకీ ఆరుసార్లు ఇదే జరగాలి. ఒక్క గది వెంట్రుకవాసి పక్కకు ఆగినా తూటా బ్యారెల్ మొదలుకు గీసుకుంటుంది, సీసం తునకలు పక్కకు చిమ్ముతాయి. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు ఎక్కువైతే బలం బయటికి పోతుంది. తక్కువైతే నాలుగు రౌండ్లు కాల్చేసరికి మసిపట్టి సిలిండర్ తిరగదు.

ఈ కుదిర్చే విద్యకు పెద్ద కేంద్రం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. సెయింట్ మేరీ చర్చి చుట్టుపక్కల వీధుల్లో ఒక ఇంట్లో బ్యారెల్, ఇంకో ఇంట్లో లాక్, వేరొకచోట పిడి చేసేవాళ్లు. అన్నిటినీ కలిపి తుపాకీగా నిలబెట్టే పనివాడిది మరో చెయ్యి. రివాల్వర్లు చేసే వెబ్లీ కుటుంబం దుకాణం అక్కడి వీమన్ స్ట్రీట్‌లోనే ఉండేది. 1813లో చట్టం తెచ్చుకుని వ్యాపారులే ప్రూఫ్ హౌస్ కట్టించుకున్నారు. మామూలు కన్నా ఎక్కువ మందుతో కాల్చి, తట్టుకున్న తుపాకీకే ముద్ర వేసే చోటు అది. ఇప్పటికీ నడుస్తోంది. 1960ల్లో కొత్త రింగు రోడ్డూ కట్టడాలూ వచ్చి ఆ పాత వీధుల్లో చాలా భాగాన్ని తుడిచేశాయి.

1887లో బ్రిటిష్ సైన్యం వెబ్లీ రివాల్వర్‌ను తీసుకుంది. సైన్యంతోపాటే ఆ పేరు మన దేశానికీ వచ్చింది. కానీ దాన్ని విప్పే విద్య మన పనివాళ్లకు అంత తేలిగ్గా అందలేదు. 1878 ఆయుధాల చట్టం కింద భారతీయుడికి తుపాకీ ఉండాలంటే లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. మన పల్లెల్లో కొలిమి ముందు కూర్చుని నాటు తుపాకీని సరిచేసిన కమ్మరుల నేర్పు తక్కువది కాదు. రివాల్వర్ వాళ్ల చేతికి రాకపోతే దాని కీలకం ఎలా తెలుస్తుంది?

స్వతంత్రం వచ్చాక 1959 చట్టం ప్రకారం తుపాకీ తయారీకే కాదు, మరమ్మతుకూ లైసెన్సు కావాలి. .380, .455 తూటాలు పేల్చే రివాల్వర్లు మామూలు లైసెన్సుదారులకు దొరకవు. అందుకే వాళ్ల కోసం కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ చేసింది. పెద్ద బోరు రివాల్వర్ల మీద చెయ్యి తిరిగినవాళ్లలో ఎక్కువమంది సైన్యంలోనో పోలీసుశాఖలోనో ఉండిపోయారు.

నాకు పని నేర్పిన హెడ్ ఆర్మరర్ గారు అలాంటివారే. ఆయుధం బల్లమీదకు రాగానే స్క్రూడ్రైవర్ పట్టుకుంటే కోప్పడేవారు. ముందు ఖాళీగా ఉందో లేదో చూడాలి, తర్వాత డమ్మీ రౌండ్లు వేసి బొటనవేలితో సిలిండర్‌ను కొద్దిగా ఆపుతూ హ్యామర్ మెల్లగా లాగాలి. ఏ గది ఆలస్యంగా లాకవుతుందో సుద్దతో గుర్తుపెట్టించేవారు. “పళ్లు అరగదీశావో, మళ్లీ పుట్టించలేవురా అబ్బాయ్. ముందు పాల్ చూడు. అది చెడితే ఇంకోటి వేసుకోవచ్చు,” అనేవారు. ఖరీదైన భాగాన్ని కాపాడి చవకైన భాగాన్ని కుదర్చడమే ఈ విద్యలో మొదటి పాఠం. ఒక్కో స్క్రూ గాడికి తగ్గట్టు స్క్రూడ్రైవర్ మొన సానపట్టుకునేవారు. గాడి చెదిరిన స్క్రూ కనిపిస్తే, ఇంతకుముందు తెలియనివాడి చెయ్యి పడిందని ఇట్టే చెప్పేవారు.

మంచి పనివాడు కావాలంటే నేను చెప్పే గుర్తులూ ఇవే. తన మరమ్మతు లైసెన్సు అడక్కుండానే చూపించాలి. విప్పకముందే ఏ గదిలో ఇబ్బంది, ఎప్పట్నుంచి అని మిమ్మల్ని అడగాలి. ట్రిగ్గర్ తేలికచేయమంటే ప్రమాదం చెప్పి ఒప్పుకోకపోవాలి. ఫ్రేమ్ చిట్లితే బాగుచేస్తానని డబ్బు తీసుకోకుండా, ఇక కాల్చవద్దని చెప్పేయాలి.

ఈ విద్య పుస్తకంలో చదివితే రాదు. రిటైరైన ఆర్మరర్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. మరమ్మతు లైసెన్సున్న దుకాణాలు వాళ్లను పిలిచి, చట్టం ఒప్పుకున్న మేరకు కుర్రాళ్లకు నేర్పించాలి. అంతవరకూ లైసెన్సుదారులకు నా మనవి ఒక్కటే: లైసెన్సు చూపించనివాడికీ, ఆరు గదులూ పరీక్షించకుండానే విప్పేవాడికీ మీ రివాల్వర్ ఇవ్వకండి.