మోటారు బండి, రేడియో, సారథి దృష్టి

పూర్వము రాత్రివేళ సంతనుండి మరలివచ్చు రైతు బండిలో ఒరిగి నిద్రించినను, ఎడ్లు అతనిని ఇల్లు చేర్చుచుండెడివి. దారి వానికి తెలియును. గుంత కనబడినచో తొలగును. ఎదుట మరియొక బండి వచ్చినచో ఆగును. బండివాని రెండు కన్నులకు తోడు ఎడ్ల నాలుగు కన్నులును దారిని కనిపెట్టుచుండెడివి. 1886లో జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ మోటారు వాహనమునకు పేటెంటు హక్కు పొందినప్పుడు మానవునకు గుర్రపు బలమునకు బదులు యంత్రబలము లభించినది గాని, గుర్రపు కన్నులకు బదులుగా ఏమియు లభింపలేదు. నాటినుండి బండిని కాపాడు భారమంతయు నడుపువాని చూపుమీదనే పడినది. ఆ చూపును మరల్చు వస్తువులు బండిలోనికి ఒక్కొక్కటిగా ఎట్లు ప్రవేశించినవో, వానిని అదుపులో పెట్టుటకు ఆయా దేశములవారు ఏమి చేసిరో తెలుపుటయే ఈ ప్రసంగ విషయము.

శ్రోతలకు ఆశ్చర్యము కలుగవచ్చును గాని, ఈ విషయమున తొలిదినములలో నేరము మోపబడిన వస్తువులలో రేడియో ముఖ్యమైనది. 1930లో అమెరికాలోని షికాగో నగరమున పాల్ గాల్విన్ అను పారిశ్రామికుడు కారులో అమర్చదగిన రేడియో సెట్టును తయారు చేయించి, దానికి 'మోటరోలా' అని నామకరణము చేసెను. ఆ యేట అట్లాంటిక్ సిటీలో రేడియో ఉత్పత్తిదారుల మహాసభ జరుగుచుండగా, ఆయన తన కారులోనే సెట్టు బిగించుకొని అచటికి పోయి, వచ్చినవారికి వినిపించెను. ఆ కాలపు సెట్టు నేటివలె అరచేతి వెడల్పు పరికరము కాదు. వాల్వులు, బ్యాటరీలు, స్పీకరు మున్నగు వానికి కారులో చోటు వెదకుటయే కష్టము. స్టేషను పట్టుకొనుటకు నడుపువాడు మరను మెల్లమెల్లగా త్రిప్పుచు, చెవియొగ్గి, పలుమారు క్రిందికి చూడవలసి వచ్చెడిది.

ఆ 1930లోనే మసాచుసెట్స్ రాష్ట్రమునందును, సెయింట్ లూయిస్ నగరమునందును, కారు నడుపుచు రేడియో వాడుటను నిషేధింపవలెనను ప్రతిపాదనలు వెలువడినవి. స్టేషను మార్చుకొనుటలో దృష్టి దారి తప్పుననియు, సంగీతము నిద్ర పుచ్చుననియు ప్రతిపాదకుల వాదము. వాతావరణమును, దారిలోని అపాయములను రేడియో ముందుగా తెలుపుననియు, కునుకుపాటును పోగొట్టుననియు ఉత్పత్తిదారుల ప్రతివాదము. 1934లో న్యూయార్కు ఆటోమొబైల్ క్లబ్బువారు అభిప్రాయ సేకరణ జరుపగా, సమాధానమిచ్చిన వారిలో 56 శాతము మంది కారు రేడియో ప్రమాదకరమనియే పలికిరి.

అయినను రేడియో కారులో నిలిచినది. అందుకు రెండు కారణములు కనిపించుచున్నవి. మొదటిది నిర్మాణములోని మార్పు. 1932లో జర్మనీలో బ్లౌపుంక్ట్ సంస్థవారు తమ కారు రేడియోను నడుపు మీటను స్టీరింగు చెంతనే అమర్చిరి. ఆ దశాబ్దము ముగియకముందే, నొక్కినంతనే కోరిన స్టేషను పలుకు మీటలు వచ్చినవి. అలవాటుపడిన వ్రేలు చూపు సహాయము లేకయే మీటను వెదకికొనగలదు. రెండవది రేడియో స్వభావము. అది మాటలాడునే గాని సమాధానము కోరదు. వీధిలో పసివాడు అడ్డము వచ్చినప్పుడు నడుపువాడు ప్రసంగమును వినుట మానివేయును; ప్రసంగకర్త నొచ్చుకొనడు. ఈ రెండు గుణములును మనస్సునందుంచుకొనినచో తరువాతి చరిత్ర తేటపడును. ఏలయన, తరువాత వచ్చిన పరికరములు ఈ రెంటిలో ఒకదానినో, రెంటినో కోల్పోయినవి.

1946 జూన్ 17వ తేదీన, ఆ సెయింట్ లూయిస్ నగరముననే, కారులోనుండి మాటలాడు టెలిఫోను సేవను బెల్ సంస్థవారు ప్రారంభించిరి. పరికరము బరువు 80 పౌనులు. అది కొలదిమంది ధనికులకే అందుబాటులో నుండుటచే అపాయము పెద్దగా గోచరింపలేదు. శాస్త్రజ్ఞులు మాత్రము అశ్రద్ధ చేయలేదు. 1967లో జాన్ సెండర్స్ అను అమెరికా పరిశోధకుడు ఒక వింత ప్రయోగమును ప్రకటించెను. శిరస్త్రాణమునకు రెప్పవంటి మూత అమర్చి, అది క్షణక్షణము కన్నులను మూయుచు తెరచుచుండగా కారు నడుపుటయే ఆ ప్రయోగము. వేగము పెరిగినకొలదియు, దారి వంకరలు పోయినకొలదియు, ఎంత తరచుగా దారిని చూడవలెనో ఈ విధముగా కొలతకు వచ్చినది. హాస్యాస్పదముగా తోచు ఈ పనికి 2011లో ఇగ్ నోబెల్ బహుమతి లభించినది గాని, నేటికిని కారు తెరలను పరీక్షించు పద్ధతులలో ఒకటి ఆ మూతనుండి పుట్టినదే.

1969లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జియందు బ్రౌను మున్నగు పరిశోధకులు 24 మంది డ్రైవర్లచే టెలిఫోనులో మాటలాడించుచు కారు నడిపించిరి. ఎదుటనున్న సందులో కారు పట్టునా, పట్టదా అని వారు నిర్ణయింపవలెను. స్టీరింగు త్రిప్పుటలో చేతులు పెద్దగా తడబడలేదు; నిర్ణయములు మాత్రము తప్పినవి. పట్టని సందులు పట్టునట్లు తోచినవి. చేతికి పని లేకున్నను మనస్సు మరియొక చోట నున్నచో కన్ను చూచియు చూడదని దీని భావము. 1997లో కెనడాలోని టొరంటోలో రెడెల్మైయర్, టిబ్షిరానీ అను పండితులు, ప్రమాదములకు లోనైన 699 మంది డ్రైవర్ల టెలిఫోను లెక్కలను పరిశీలించి, మాటలాడు సమయమున ప్రమాదావకాశము సుమారు నాలుగు రెట్లు హెచ్చునని తేల్చిరి. చేత పట్టనక్కరలేని టెలిఫోనువలన రక్షణ హెచ్చినట్లు వారికి కనబడలేదు.

ఇక తెర కథ. 1986లో అమెరికాలో బ్యూక్ రివియేరా అను కారునందు మీటలకు బదులు తాకిన పనిచేయు తెరను పెట్టిరి. రేడియోకును, చల్లదనమునకును ఆ తెరనే తాకవలెను. నునుపైన అద్దముమీద వ్రేలికి ఆనవాలు దొరకదు. కనుక చూడక తప్పదు. కొనుగోలుదారులు సణుగుకొనిరి. 1990 నాటి నమూనాలో ఆ తెరను తొలగించి, మరల మీటలను పెట్టిరి. ఈ పాఠము మరుగున పడుటకు ఎంతో కాలము పట్టలేదు. చేతి ఫోనులు ఇంటర్నెట్టుతో ముడివడి కారు తెరలతో జతగూడిన పిమ్మట, దారి చూపు పటము, పాటలు, ఉత్తరములు, పిలుపులు అన్నియు ఒకే అద్దముమీదికి చేరినవి. ఆ తెర రేడియోవలె పలికి ఊరకుండదు. అడుగును, సమాధానము కోరును, చూపును రమ్మని పిలుచును.

2013లో అమెరికా రహదారి భద్రతా శాఖవారు కార్ల ఉత్పత్తిదారులకు సూచనలు వెలువరించిరి. ఏ పనియైనను ఒకమారు చూపు మరల్చుట రెండు సెకండ్లకును, మొత్తము పండ్రెండు సెకండ్లకును మించరాదనియు, బండి కదలుచుండగా ఉత్తరములు టైపు చేయుట, చలనచిత్రములు చూచుట కుదరకుండ చేయవలెననియు అందలి సారము. ఇవి సూచనలే గాని శాసనములు కావు. రెండు సెకండ్లనగా స్వల్పమే కదా యని అనుకొనరాదు. గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఆ రెండు సెకండ్లలో 50 మీటర్లు దాటును.

మరి తప్పు జరిగినప్పుడు బాధ్యులెవరు? వర్షము కురియుచుండగా ఒక డ్రైవరు తన టెస్లా కారులో వైపర్ల వేగమును తెరమీద సరిచేయబోయి, దారి తప్పి చెట్లను ఢీకొనెను. తెరకూడ ఎలక్ట్రానిక్ పరికరమే యని జర్మనీలోని కార్ల్స్‌రూ న్యాయస్థానము 2020లో నిర్ణయించి, 200 యూరోల జుల్మానాను, ఒక నెల నిషేధమును ఖాయపరచినది. వానను తుడుచు మీటను తెరలోనికి నెట్టినవాడు ఉత్పత్తిదారు. శిక్ష పొందినవాడు నడుపువాడు. చట్టరీత్యా అది సరియే కావచ్చును. ధర్మరీత్యా ఇరువురికిని పాలు కలదు.

2022లో స్వీడను దేశమున 'వి బిలెగరె' అను పత్రికవారు గంటకు 110 కిలోమీటర్ల వేగమున కార్లను నడిపించి, నిత్యము అవసరమగు నాలుగు పనులకు పట్టు కాలమును కొలిచిరి. 2005 నాటి ఓల్వో కారులో మీటలతో ఆ పనులు 10 సెకండ్లలో, 306 మీటర్లలో ముగిసినవి. తెరలుగల క్రొత్త కార్లలో అన్నిటికన్న వెనుకబడినదానికి అవే పనులు ముగియునప్పటికి 1372 మీటర్లు గడచినవి. ఇట్టి విషయములను గమనించి, కార్ల భద్రతను పరీక్షించు యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుండి అమలులోనికి తెచ్చిన నియమములలో, మలుపు దీపములు, ప్రమాద సూచక దీపములు, హారను, వైపర్లు, ఆపదలో సహాయము కోరుట అను ఐదింటికి వ్రేలికి తగులు మీటలు లేని కారుకు మార్కులు తగ్గునట్లు ఏర్పాటు చేసినది. బ్యూక్ కారువారు 1990లో చేసిన సవరణనే నేటివారు మరల చేయవలసి వచ్చుచున్నది.

మన దేశమున 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, చేతి ఫోను వాడుచు బండి నడుపుటను ప్రమాదకరమైన నడకగా పరిగణించి, మొదటి నేరమునకు వేయి నుండి ఐదువేల రూపాయల జుల్మానాకు గాని, ఆరు నెలలకు తగ్గని చెరకు గాని, రెంటికిని గాని అవకాశమిచ్చినది. 2020 అక్టోబరు నుండి, ఏకాగ్రతకు భంగము కలుగని రీతిలో దారి చూచుకొనుటకు మాత్రమే దానిని వాడవచ్చునను నియమము అమలులోనికి వచ్చినది. చట్టము చేతిని చూడగలదు, మనస్సును చూడజాలదు. టొరంటో పండితులు కనుగొనినది ఆ రెండవదానిని గురించియే.

కఠోపనిషత్తు దేహమును రథముతోను, బుద్ధిని సారథితోను, మనస్సును పగ్గములతోను పోల్చినది. అచ్చటి సారథికి గుర్రములు కలవు. నేటి సారథికి అవియు లేవు. కనుక గృహస్థులు రెండు అలవాట్లు చేసికొనుట మంచిది. దారి పటమును, పాటలను బండి కదలకముందే సిద్ధపరచుకొనవలెను. బండి నడుపుచున్న కుమారునకో, అల్లునకో ఇంటినుండి ఫోను చేసినవారు, అతడు దారిలో నున్నాడని తెలిసినంతనే మాట చాలించవలెను. ఆ సమాధానము అతడు ఇల్లు చేరిన పిమ్మట వినవచ్చును.