సూదిమొన దాటవలసిన సిరా

కుళాయిని సన్నగా త్రిప్పి, జారే నీటిధారను పైనుండి క్రిందివరకు పరిశీలించండి. మొదట గాజుకడ్డీవలె నునుపుగా ఉన్న ధార కొంతదూరము పోయిన తరువాత ముత్యాలుగా తెగిపోతుంది. ఈ చిన్న విషయమునకు కారణము తెలియడానికి యూరప్ శాస్త్రజ్ఞులకు దాదాపు అర్ధశతాబ్ది పట్టినది. ధార తెగే తీరును 1833లో ఫెలిక్స్ సవార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వర్ణించినాడు. పొడవు చుట్టుకొలతను మించిన ద్రవస్తంభము నిలకడగా ఉండజాలదని బెల్జియం దేశీయుడు జోసెఫ్ ప్లాతో చూపినాడు. 1843 నాటికే ఆయన చూపు కోల్పోయినాడు. అటుపిమ్మట ప్రయోగములను ఇతరులు చేసి, కనబడినది చెప్పగా ఆయన ఆలోచించేవాడు. 1878లో లార్డ్ రేలీ గణితముతో లెక్క తేల్చినాడు: ధార వ్యాసమునకు సుమారు నాలుగున్నర రెట్ల దూరమున కొక ఉబ్బు చొప్పున లేచే అల తక్కిన అలలకంటె వేగముగా పెరిగి ధారను తెంపివేస్తుంది. దీనికంతకు మూలము తలతన్యత.

నేడు ఇంకుజెట్ ముద్రణయంత్రములో జరిగేది ఇదే. కాని దాని చరిత్రలో చుక్కను పుట్టించడము కంటె, చుక్క పుట్టే రంధ్రము మూసుకొనిపోకుండ కాపాడడమే ఎక్కువ కష్టమైన పని.

సముద్రగర్భములో వేసిన పొడవాటి తంతుల గుండా వచ్చే విద్యుత్ సంకేతములు చాల బలహీనముగా ఉండేవి. కాగితమును తాకుతూ కదిలే కలమైతే ఆ రాపిడికే ఆగిపోయేది. అందువలన విలియం థామ్సన్ (తరువాతి లార్డ్ కెల్విన్) 1867లో ‘సైఫన్ రికార్డర్’ అనే పరికరమునకు పేటెంటు పొందినాడు. అందులో వెంట్రుకవలె సన్నని గాజుగొట్టము ఒక కొనను సిరా పాత్రలో ముంచుకొని, రెండవ కొనను కదిలే కాగితపు పట్టీకి తాకీ తాకనట్లు నిలుపుతుంది. సిరాకు విద్యుదావేశము ఇస్తే అది కాగితమువైపు ఆకర్షింపబడి చుక్కలుగా ఎగిరి పడుతుంది. ఎంత చక్కని ఉపాయమో! అయితే గాలి తేమగా ఉన్న రోజులలో ఆవేశము నిలువక సిరా మొరాయించేది. చివరకు ఆవేశమును మానివేసి, గొట్టమునే సన్నగా కంపింపజేసి చుక్కలను రాల్చే పద్ధతి అమలులోనికి వచ్చినది.

స్వీడన్ దేశములో రూనే ఎల్మ్‌క్విస్ట్ గుండె విద్యుత్ స్పందనలను గీసే పరికరము కొరకు సన్నని గాజు నాజిల్ నుండి పీడనముతో సిరాధారను చిమ్మించినాడు. దానికి 1951లో అమెరికా పేటెంటు లభించినది. 1958లో మనిషి శరీరములో అమర్చిన మొట్టమొదటి ‘పేస్‌మేకర్’ను రూపొందించినది కూడ ఈయనే. తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో రిచర్డ్ స్వీట్ రేలీ లెక్కను పనిలో పెట్టినాడు. ధారను క్రమబద్ధముగా కంపింపజేస్తే అది ఇష్టము వచ్చినట్లు తెగక, సమానమైన చుక్కలుగా తెగుతుంది. ప్రతి చుక్కకు కావలసినంత ఆవేశము ఇచ్చి, రెండు పలకల మధ్య దారి మళ్లించవచ్చును. ఈ పని 1965లో ప్రచురితమైనది. ఇందులో ధార ఎన్నడు ఆగదు. అక్కరలేని చుక్కలు ఒక తొట్టిలో పడి మరల పంపుకు చేరుతాయి. పారే సిరా నాజిల్‌లో సులభముగా ఎండదు. కాని తిరిగి తిరిగి వచ్చే సిరాలోని ద్రావణి ఆవిరైపోతుంది, దుమ్ము చేరుతుంది. ఒక చిక్కు విడిపోతే ఇంకొకటి పడినది.

కావలసినప్పుడు మాత్రమే చుక్కను విడిచే యంత్రములు 1970ల నుండి వచ్చినవి. విద్యుత్తు తగలగానే ఆకారము మార్చే పీజో పదార్థముతో సిరా గదిని నొక్కడము ఒక మార్గము. స్టీవెన్ జోల్టాన్ పేటెంటు 1972 నాటిది. రెండవది వేడి. 1977లో జపానులోని కానన్ సంస్థ పరిశోధనశాలలో వేడి టంకపు కడ్డీ సిరా నింపిన సిరంజి సూదికి తగిలితే సిరా చివ్వున చిమ్మినది. ఇచిరో ఎండో ఆ దృశ్యము నుండి బుడగతో చుక్కను నెట్టే పద్ధతిని పెంపొందించినాడు. అమెరికాలో హ్యూలెట్ పాకార్డ్ సంస్థ కూడ స్వతంత్రముగా ఇదే మార్గమునకు వచ్చి, 1984లో ‘థింక్‌జెట్’ అనే యంత్రమును అమ్మకమునకు పెట్టినది.

అడ్డుపడిన రంధ్రమును బాగుచేసే విధమేమిటి? థింక్‌జెట్ దీనికి చెప్పిన సమాధానము చమత్కారమైనది: బాగుచేయనే వద్దు! సిరా అయిపోయినప్పుడు దానితోపాటు నాజిళ్లు గల హెడ్‌ను కూడ పారవేసి క్రొత్తది పెట్టుకొనవలెను. పీజో హెడ్ ఖరీదైనది గనుక ఆ మార్గము దానికి కుదరదు. 1990లలో పీజో యంత్రములను ప్రచారములోనికి తెచ్చిన ఎప్సన్ సంస్థ హెడ్‌ను యంత్రములోనే శాశ్వతముగా ఉంచినది. కనుక పని లేనప్పుడు నాజిళ్లకు మూతవేసే రబ్బరు క్యాప్, తుడిచే పట్టీ, ఎండిన సిరాను లాగివేసే పంపు తప్పనిసరి అయినవి.

ఈ హెడ్‌లకే 2020 ప్రాంతముల నుండి మరింత కఠినమైన పరీక్ష ఎదురైనది. అదే ‘డైరెక్ట్ టు ఫిల్మ్’ ముద్రణ. ఇందులో ప్లాస్టిక్ ఫిల్మ్‌పై ముందు రంగులు, వాటిపై తెల్ల సిరా ముద్రిస్తారు. తడి ఆరకముందే కరిగే జిగురుపొడి చల్లి, వేడిచేసి, గుడ్డపై అదిమి, ఫిల్మ్‌ను ఒలిచివేస్తారు. అప్పుడు తెలుపు క్రిందికి, రంగులు పైకి వస్తాయి. నల్లని చొక్కాపై కూడ బొమ్మ ప్రకాశించేది ఈ తెలుపు వల్లనే.

ఆ తెలుపు టైటానియం డయాక్సైడ్ రేణువులది. దాని సాంద్రత నీటికి నాలుగు రెట్ల కంటె ఎక్కువ. కాంతిని బాగుగా వెదజల్లవలెనంటే రేణువు వ్యాసము మీటరులో కోటి వంతులు రెండు మూడు, అనగా 200 నుండి 300 నానోమీటర్లు, ఉండవలెను. ద్రవములో గోళము మునిగే వేగమునకు స్టోక్స్ 1851లో ఇచ్చిన సూత్రమును దీనికి వర్తింపజేయవచ్చును. 250 నానోమీటర్ల రేణువు, నీటికి నాలుగు రెట్ల స్నిగ్ధత గల సిరాలో, రోజుకు సుమారు 2 మిల్లీమీటర్లు దిగుతుంది. వారము రోజులు యంత్రము కదలకపోతే ఒకటిన్నర సెంటీమీటరు! సన్నని గొట్టమునకు అది చాల ఎక్కువ. రేణువులు అంటుకొని వ్యాసము రెట్టింపైతే వేగము నాలుగు రెట్లు అవుతుంది. రేణువును చిన్నది చేస్తే మునగదు, కాని తెలుపు పలుచబడుతుంది. తెలుపునిచ్చే గుణమే అడ్డునకు కారణమగుట విచిత్రము. కొందరు తయారీదారులు లోపల బోలుగా ఉండే రెసిన్ రేణువులను ఆశ్రయించినది ఇందుకే.

ఇప్పుడు ముద్రణలో గీతలు తప్పిపోయినాయనుకొనండి. హెడ్‌ను కడుగుతూ పోవడము సాధారణముగా జరిగే పొరపాటు. ముందు నాజిళ్ల పరీక్షాపత్రమును రెండు మూడుసార్లు ముద్రించి పక్కపక్కన పెట్టి చూడవలెను. ఖాళీలు ప్రతిసారి ఒకేచోట ఉంటే ఆ నాజిళ్లలో సిరా ఎండినదని భావించవచ్చును. ఖాళీలు చోటు మారుతూ ఉంటే గాలిబుడగను అనుమానించవలెను. గాలి నీటికంటె సుమారు 20 వేల రెట్లు సులభముగా నలుగుతుంది. పీజో ఇచ్చిన నొక్కును బుడగయే మింగివేస్తుంది, చుక్క బయటికి రాదు. పుట మొదట్లో నిండుగా ఉండి, పోనుపోను తెలుపు వెలిసిపోతే తప్పు నాజిల్‌ది కాదు. సిరా వచ్చే దారిలోనిది. హెడ్‌కు ముందుండే డాంపర్‌లోని జల్లెడ పూడి ఉండవచ్చును, గొట్టము నొక్కుకొని ఉండవచ్చును. పరీక్షించకుండ పంపుతో మరల మరల లాగితే సిరా వృథా అగుటే కాక, వదులైన అతుకుల గుండా క్రొత్త గాలి లోనికి వస్తుంది.

క్యాప్ సంగతి తేల్చుకొనడము సులభము. హెడ్‌ను పక్కకు జరిపి క్యాప్‌లో కొద్దిగా శుద్ధజలము పోసి పంపును నడపవలెను. నీరు కదలకపోతే పంపుగాని, దాని గొట్టముగాని చెడినట్లు. నీరు పోతూ ఉండి, కడిగినప్పుడు మాత్రము సిరా రాకపోతే, క్యాప్ అంచు హెడ్‌కు సరిగా అదమడము లేదు. అంచుపై గట్టిపడిన తెల్లసిరా చిన్న పెచ్చు చాలు దానికి. సిరా తొట్టి ఎత్తు కూడ గమనింపదగినది: అది హెడ్ కంటె పైన ఉంటే నాజిళ్ల నుండి సిరా కారుతుంది, మరీ క్రింద ఉంటే నాజిల్ నోటిలోని సిరా వెనుకకు పోయి గాలి జొరబడుతుంది.

తెలంగాణలో ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో నాజిల్ ఎండడము మరింత త్వరితము; గదిలో తేమ చూపే చిన్న మీటరు ఉంచుకొనుట ఖరీదైన పని కాదు. తెల్ల సిరా తొట్టిలో కలియబెట్టే ఆకు, గొట్టములలో సిరాను త్రిప్పే పంపు గల యంత్రములు నేడు చాల వచ్చినవి. వాటిని కొన్నవారు రాత్రి దుకాణము మూస్తూ మెయిన్ స్విచ్ ఆపివేస్తే ఆ పంపులూ ఆగిపోతాయి. తెల్లవారేసరికి గొట్టము అడుగున తెల్లని చార కనబడుతుంది.